ఫీల్డు ఫైనల్, సెట్టర్ ఒక్కటీ లేదు, అయినా చీటీలో లోడు మాయం: లిస్టు ఉన్న క్లాసును మారకుండా ఉంచడం ఎలా?

తోతాపురి_కోడర్
చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తూకాల లెక్క చూసే ప్రోగ్రామును మేము జావాలో రాసి ఇచ్చాము. రైతు ట్రాక్టరు తెచ్చిన ప్రతిసారీ కాటా మీద నిండు బరువు, కాయ దించిన తరువాత ఖాళీ బరువు నమోదవుతాయి. ఒక రైతు ఒకే రోజు తెచ్చిన లోడ్లన్నీ కలిపి ఒక తూకం చీటీ అవుతుంది. చీటీ ఒకసారి తయారైన తరువాత ఎవరూ దానిని మార్చకూడదన్న ఉద్దేశంతో ఆ క్లాసును నేనే శ్రద్ధగా రాశాను. క్లాసు ఫైనల్, ఫీల్డులన్నీ ప్రైవేట్ ఫైనల్, విలువలను మార్చే సెట్టర్లు లేవు. చీటీ సంఖ్య, రైతు పేరు, తేదీ, లోడ్ల లిస్టు, చీటీ తయారయ్యేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌లోకి వస్తాయి. మొత్తం బరువును అక్కడే ఒకసారి లెక్కగట్టి దాచుకుంటాను.

గత వారం ఒక రైతు చీటీ పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. కింద మొత్తం 11,840 కిలోలని ఉంది, పైన ఉన్న మూడు లోడ్లు కలిపితే 8,910 మాత్రమే వస్తోంది. ఆయన నిజానికి నాలుగు లోడ్లు తెచ్చారు, అంటే 2,930 కిలోల లోడు ఒకటి చీటీలోంచి ఎగిరిపోయింది. వెతికితే తేలింది ఏమిటంటే, రిపోర్టు తెర రాసిన మా సహోద్యోగి, ఫీల్డును బయటికి ఇచ్చే గెట్టర్ నుంచి లిస్టు తీసుకుని, నాణ్యత పరీక్ష ఇంకా పూర్తికాని లోడ్లను ఆ లిస్టులోంచే తీసివేశాడు. తెర మీద చూపించడానికే కదా అని అతను అనుకున్నాడు.

నా ప్రశ్న ఒక్కటే. ఫైనల్ అని రాసిన తరువాత కూడా ఇది ఎలా సాధ్యమైంది? లిస్టు ఉన్న క్లాసును నిజంగా మారకుండా ఉంచాలంటే ఏమి చేయాలి?

పాకాల_జంక్షన్
ఫైనల్ అన్న మాట ఆ ఫీల్డు మరొక లిస్టు వైపు చూడదని మాత్రమే హామీ ఇస్తుంది, ఆ లిస్టులో ఏమి ఉంటుందో దానికి పట్టదు. మీ ఇంటి నంబరు శాశ్వతమని మునిసిపాలిటీ వారు పలక కొట్టి వెళ్లినంత మాత్రాన ఆ ఇంట్లో ఎవరు దిగారో, ఎవరు ఖాళీ చేశారో వారు చూస్తూ కూర్చోరు కదా.

అలిపిరి_మెట్లు
దీనికి ఇంత చర్చ అక్కర్లేదు. గెట్టర్‌లో ఆ లిస్టును కలెక్షన్స్ క్లాసులోని అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ మెథడ్‌లో చుట్టి ఇవ్వండి. ఎవరైనా తీసివేయబోతే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ అన్న ఎర్రర్ వస్తుంది, అంతటితో పని అయిపోతుంది. జావా 1.2 నుంచి ఉన్న సౌకర్యమే ఇది.

స్వర్ణముఖి_తీరం
పని అవ్వలేదు, సగమే అయింది. అలిపిరి_మెట్లు గారు చెప్పినది బయటికి వెళ్లే తలుపుకు గడియ. లోపలికి వచ్చే తలుపు ఇంకా తెరిచే ఉంది.

కన్‌స్ట్రక్టర్‌కు లిస్టును ఇచ్చిన కోడు దగ్గర అదే లిస్టు వైపు చూపే రిఫరెన్స్ ఇంకా ఉంటుంది. ఆ కోడు రేపు దానిలో ఒక లోడు చేర్చినా, తీసివేసినా, మొత్తం ఖాళీ చేసినా ఆ మార్పు మీ చీటీలో కనిపిస్తుంది, ఎందుకంటే ఉన్నది ఒకే లిస్టు, దానిని చూస్తున్నవారు ఇద్దరు. అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ కొత్త లిస్టును తయారు చేయదు, ఉన్న లిస్టుకు అద్దం బిగిస్తుంది. అద్దం ఇవతల ఉన్నవారు చేయి పెట్టలేరు, కానీ అవతల ఉన్నవారు సరుకు సర్దుతూనే ఉంటారు, ఇవతలివారికి అది కనిపిస్తూనే ఉంటుంది.

తోతాపురి_కోడర్ గారూ, చీటీ తయారు చేసే చోట మీరు లిస్టును ఎక్కడ సృష్టిస్తున్నారో ఒకసారి చూసి చెప్పగలరా? లూపు లోపలా, బయటా?

తోతాపురి_కోడర్
చూశాను, చూసిన తరువాత కాఫీ కూడా తాగబుద్ధి కాలేదు. లూపు బయట ఒకే అర్రేలిస్ట్, అంటే మార్చగలిగే మామూలు లిస్టు, ఉంది. ఒక రైతు లోడ్లు నింపడం, చీటీ తయారు చేయడం, క్లియర్ చేయడం, తరువాతి రైతువి నింపడం, ఇదీ వరస. మెమరీ ఆదా అవుతుందని నేనే రాసిన సంగతి ఇప్పుడు గుర్తుకొచ్చింది. ఇన్నాళ్లూ బయటపడకపోవడానికి కారణం, ప్రతి చీటీని తయారైన వెంటనే డేటాబేసులో దాచి వదిలేయడమే. ఈ నెలలో రోజువారీ సారాంశం కోసం చీటీలన్నిటినీ ఒకచోట పోగుచేసే కోడు చేర్చబోతున్నాము. చేర్చి ఉంటే అన్ని చీటీల్లోనూ చివరి రైతు లోడ్లే కనిపించేవి.

పుత్తూరు_కట్టు
ఒకచోట విరిగిందని కట్టుకు వచ్చారు, తడిమి చూస్తే రెండు చోట్ల విరిగింది. కంగారు పడకండి, ఇది మా ఊరి వైద్యానికి లొంగే విరుపే.

రేణిగుంట_ప్యాసింజర్
లోపలి తలుపుకు మందు కాపీ. కన్‌స్ట్రక్టర్‌లో వచ్చిన లిస్టును అలాగే ఫీల్డులో పెట్టుకోకుండా లిస్ట్.కాపీఆఫ్ చేసి ఆ ఫలితాన్ని పెట్టుకోండి. ఇది జావా 10లో వచ్చింది. ఇది ఇచ్చే లిస్టు విడి కాపీ, పైగా దానిని ఎవరూ మార్చలేరు కూడా, కాబట్టి గెట్టర్‌లో మళ్లీ చుట్టవలసిన అవసరం లేదు, ఫీల్డును ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వవచ్చు. ఇచ్చిన లిస్టే ముందే లిస్ట్.ఆఫ్ ద్వారానో కాపీఆఫ్ ద్వారానో తయారైనదైతే, మళ్లీ కాపీ చేయకుండా దానినే తిరిగి ఇస్తుంది. మీ సర్వరు మీద ఏ వెర్షన్ ఉంది?

తోతాపురి_కోడర్
17.

గాలిగోపురం
నాకు ఈ ధోరణి ఎప్పుడూ అతిగానే అనిపిస్తుంది. ఏడుగురు కూర్చుని పనిచేసే చోట ప్రతి క్లాసు చుట్టూ ఇన్ని కాపీలు, ఇన్ని తాళాలు దేనికి? గెట్టర్ ఇచ్చిన లిస్టును మార్చవద్దని సహోద్యోగికి ఒక మాట చెబితే సరిపోతుంది. నేను రోజూ లక్షల రీడింగులు వచ్చే సెన్సార్ డేటాతో పని చేస్తాను, అక్కడ ప్రతి ఆబ్జెక్టులోనూ కాపీ అంటే మెమరీ, వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ రెండూ మొరపెట్టుకుంటాయి.

స్వర్ణముఖి_తీరం
రెండు విషయాలు కలిపేశారు, విడదీసి చెబుతాను.

మొదటిది ఖర్చు. ఇక్కడ కాపీ అంటే లోడ్లను కాపీ చేయడం కాదు, లోడ్ల వైపు చూపే రిఫరెన్సులను కాపీ చేయడం. నాలుగు లోడ్ల చీటీలో నాలుగు రిఫరెన్సులు. ఒక్కొక్కటి మామూలుగా 4 బైట్లు, పెద్ద హీపు (ప్రోగ్రాముకు ఇచ్చిన మెమరీ) మీద 8. చీటీ ముద్రించడానికి ప్రింటరు కాగితం లాగే లోపు ఇలాంటి కాపీలు లక్షలు అయిపోతాయి. మీ సెన్సార్ల సంగతి వేరు, అక్కడ మీ మాటను నేను కాదనను, కానీ ఆ లెక్కను తెచ్చి ఈ చీటీ మీద పెట్టడం న్యాయం కాదు.

రెండవది, సహోద్యోగికి ఒక మాట చెప్పడం. ఆ అబ్బాయి తప్పు ఏముంది? అతని చేతికి ఒక లిస్టు వచ్చింది, లిస్టుకు తీసివేసే మెథడ్ ఉంది, అతను పిలిచాడు, కంపైలర్ తల ఊపింది. మార్చకూడదన్న సంగతి కోడులో ఎక్కడా రాసి లేదు, తోతాపురి_కోడర్ గారి మనసులో మాత్రమే ఉంది. ఆరు నెలల తరువాత వచ్చి చేరే కొత్త అమ్మాయికి ఆ మాట ఎవరు చెబుతారు?

గాలిగోపురం
చీటీ విషయంలో ఒప్పుకుంటాను. అయితే గెట్టర్‌లో ప్రతిసారీ కొత్త అర్రేలిస్ట్ తయారు చేసి ఇవ్వమని కొందరు నేర్పుతారు, దానిని మాత్రం ఒప్పుకోను. తెర మీద 500 వరసలున్న పట్టికలో ప్రతి వరసకూ గెట్టర్‌ను పిలిచే కోడును నేను స్వయంగా చూశాను. అంటే 500 సార్లు మొత్తం లిస్టు కాపీ.

రేణిగుంట_ప్యాసింజర్
అందుకే కాపీ లోపలికి వచ్చేటప్పుడు ఒక్కసారి చేయమంటున్నాము. లోపల ఉన్నదే మారని లిస్టు అయినప్పుడు బయటికి ఇచ్చేటప్పుడు కాపీతో పనే లేదు. రెండు తలుపుల దగ్గరా కాపీ చేయవలసి వచ్చేది అర్రేల విషయంలో, ఎందుకంటే జావాలో మారని అర్రే అన్నదే లేదు. ఈనమ్‌లోని వాల్యూస్ మెథడ్ పిలిచిన ప్రతిసారీ కొత్త అర్రేను ఇచ్చేది ఈ భయంతోనే.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1997లో జేడీకే (జావా ప్రోగ్రాములు రాసేవారి కిట్) 1.1లో ఒక లోపాన్ని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టారు. ఒక క్లాసు మీద ఎవరెవరు సంతకం చేశారో చెప్పే గెట్‌సైనర్స్ మెథడ్, లోపల వాడుకునే అర్రేనే నేరుగా బయటికి ఇచ్చేది. దొంగ యాప్లెట్ (బ్రౌజరులో నడిచే జావా ప్రోగ్రాము) ఆ అర్రేలో నమ్మకస్థుల పేరు రాసుకుంటే, దానికి నమ్మకస్థుల హక్కులన్నీ వచ్చేవి. కాపీ చేయని ఒక్క గెట్టర్ వల్ల భద్రతా వ్యవస్థకే చిల్లు పడింది.

కలంకారీ_కలం
కాపీఆఫ్ గురించి చెప్పేటప్పుడు దాని గుణాలతో పాటు దాని పేచీలు కూడా చెప్పాలి, లేకపోతే తోతాపురి_కోడర్ గారు సోమవారం మళ్లీ ఇక్కడికే రావలసి వస్తుంది.

లిస్టులో ఒక్క నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఉన్నా కాపీఆఫ్ నల్ పాయింటర్ ఎక్సెప్షన్ విసురుతుంది. అంతేకాదు, అలా తయారైన లిస్టును నీలో నల్ ఉందా అని కంటెయిన్స్‌తో అడిగినా అదే ఎక్సెప్షన్. పాత కోడులో అలాంటి ప్రశ్నలు ఎక్కడెక్కడ దాక్కున్నాయో చెప్పలేము.

నాకు తగిలిన దెబ్బ, కీకి విలువను జతచేసి దాచే మ్యాపుల దగ్గర. తిరుపతిలో ఒక లాడ్జికి గదుల బుకింగు ప్రోగ్రాము చేశాను. ధరల పట్టిక క్లాసులో, చేర్చిన వరసను గుర్తుంచుకునే లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ ఉండేది, మామూలు గది, ఏసీ గది, నలుగురి గది, కుటుంబ గది అన్న వరసలో. ఆ క్లాసును మారకుండా చేద్దామని నేను కూడా ఇలాగే ఉత్సాహంగా మ్యాప్.కాపీఆఫ్ పెట్టాను. మరునాటి నుంచి కౌంటరు దగ్గర ఉన్న పెద్దాయన ఫోన్లు మొదలయ్యాయి. సర్వరును ఆపి పెట్టిన ప్రతిసారీ తెర మీద గదుల వరస మారిపోతోంది. ఒక రోజు కుటుంబ గది పైన, ఇంకొక రోజు అట్టడుగున. "అమ్మా, నిన్న చేయి అలవాటుగా పైదాన్ని నొక్కితే ఒంటరిగా వచ్చిన యాత్రికుడికి కుటుంబ గది వెళ్లిపోయింది" అని ఆయన గోడు. మ్యాప్.ఆఫ్, మ్యాప్.కాపీఆఫ్, వాటి సెట్ జతలు వరసను కాపాడతామని ఎక్కడా మాట ఇవ్వలేదు, పైగా జేడీకేలో ఆ వరస ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ మారేలా కావాలనే రాశారు, ఎవరూ దాని మీద ఆధారపడకూడదని. లిస్టుకు ఈ ఇబ్బంది లేదు, దాని వరస దానిదే.

వరస కావాలంటే వచ్చిన మ్యాపును కొత్త లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌లోకి కాపీ చేసి, దానిని అన్‌మాడిఫయబుల్‌మ్యాప్‌లో చుట్టి ఫీల్డులో పెట్టుకోండి. ఆ కొత్త మ్యాపు రిఫరెన్స్ బయట ఎవరి దగ్గరా లేదు కాబట్టి, స్వర్ణముఖి గారు చెప్పిన అద్దం అవతల సర్దేవారే ఉండరు. గూగుల్ వారి గ్వావా లైబ్రరీ వాడేవారికి ఇమ్యూటబుల్‌మ్యాప్ ఉంది, అది చేర్చిన వరసనే కాపాడుతుంది.

అలిపిరి_మెట్లు
అయితే నేను మొదట చెప్పిన అన్‌మాడిఫయబుల్ చుట్టు మరీ పనికిరానిది కాదన్నమాట.

కలంకారీ_కలం
పనికిరానిది అని ఎవరు అన్నారు? ముందు కాపీ చేసి తరువాత చుట్టమంటున్నాము. చొక్కా తొడుక్కోకుండా శాలువా కప్పుకుంటే సన్మానానికి వెళ్లలేము.

చంద్రగిరి_కోట
ఇంత సేపూ అందరూ తలుపుల గురించే మాట్లాడారు, కోట లోపల ఉన్నవారి సంగతి ఎవరూ అడగలేదు. లిస్టు మారదు, సరే. లిస్టులో ఉన్న లోడు ఆబ్జెక్టుకు సెట్టర్లు ఉన్నాయా? ఉంటే, మొదటి లోడును తీసుకుని దాని బరువు 3,120ని 2,120 చేయడానికి ఏ అన్‌మాడిఫయబుల్ లిస్టూ అడ్డు రాదు. లోడ్లు నాలుగూ చక్కగా ఉంటాయి, వెయ్యి కిలోలు పోతాయి. అలాగే లోడులో తేదీని పాత యుటిల్ ప్యాకేజీలోని డేట్‌తో పెట్టి ఉంటే అదీ మారే వస్తువే. జావా 8తో వచ్చిన లోకల్‌డేట్, లోకల్‌డేట్‌టైమ్ మారవు, వాటికి మారిపోండి.

జావా 16లో స్థిరపడిన రికార్డులు (డేటా పట్టుకోవడానికే ఉన్న పొట్టి క్లాసులు) వాడితే అన్నీ వాటంతట అవే అయిపోతాయని కొందరు నమ్ముతారు. రికార్డు చేసేది పై పై రక్షణే. దాని ఫీల్డులు ఫైనల్, అంతవరకే. లిస్టును ఇస్తే అదే లిస్టును పెట్టుకుంటుంది, అడిగితే అదే లిస్టును ఇస్తుంది. కాపీఆఫ్ చేసే ఒక్క పంక్తిని కాంపాక్ట్ కన్‌స్ట్రక్టర్‌లో మనమే రాసుకోవాలి.

తోతాపురి_కోడర్
చంద్రగిరి_కోట గారు సరిగ్గా నొప్పి ఉన్న చోటే నొక్కారు. లోడుకు సెట్టర్ ఉంది, అది సోమరితనం వల్ల పెట్టినది కాదు. నిండు బరువు ముందు వస్తుంది. ట్రాక్టరు లోపలికి వెళ్లి, కాయ దించి, మళ్లీ కాటా మీదకు వచ్చేసరికి గంట పట్టవచ్చు, సీజనులో మూడు గంటలు కూడా పట్టవచ్చు. అప్పటివరకు ఖాళీ బరువు లేదు. వచ్చిన తరువాత దానిని ఆ లోడులోనే కదా పెట్టాలి? లోకంలో నిజంగా మారే వస్తువును కోడులో మారకుండా ఎలా ఉంచమంటారు?

స్వర్ణముఖి_తీరం
ఈ చర్చలో అసలైన ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం, మిగిలినవన్నీ మెథడ్ల పేర్లు.

మీరు రెండు వేర్వేరు వస్తువులను ఒకే క్లాసులో కుక్కారు. ఫ్యాక్టరీ ఆవరణలో నిలబడి, ఖాళీ బరువు కోసం ఎదురుచూస్తున్న ట్రాక్టరు ఒకటి. తూకం పూర్తయి లెక్కకు ఎక్కిన లోడు ఇంకొకటి. మొదటిదానికి ఖాళీ బరువు అన్న ఫీల్డు ఉండవలసిన పని లేదు, రెండవదానికి అది లేకుండా ఉండకూడదు. కాటా దగ్గర కూర్చునే మనిషి కూడా రెండవ తూకం వేసే వరకు చీటీ చింపి ఇవ్వడు కదా, ఆయన చేతిలో ఉన్న పద్ధతినే కోడులోకి తెచ్చుకోండి. ఎదురుచూసే లోడు అన్న క్లాసుకు ఖాళీ బరువును ఇస్తే అది పూర్తయిన లోడును కొత్తగా తయారు చేసి ఇవ్వాలి. పూర్తయిన లోడుకు సెట్టర్ ఉండదు.

చీటీ కూడా అంతే. రోజంతా లోడ్లు చేరుతూ ఉండే తెరిచిన చీటీ ఒకటి ఉంటుంది, దాని లోపల మామూలు అర్రేలిస్ట్ ఉంచుకోండి, ఎవరూ తప్పు పట్టరు. సాయంత్రం దానిని మూసివేసినప్పుడు, ఆ క్షణాన ఉన్న లోడ్లను కాపీఆఫ్ చేసి తూకం చీటీని తయారు చేస్తుంది. మార్పు అంతా ఒక పక్క, మారనిదంతా ఇంకొక పక్క, మధ్యలో దాటే చోటు ఒక్కటే.

ఇంకొక జాగ్రత్త. బరువు సున్నా కంటే ఎక్కువా, లోడ్లు ఉన్నాయా లేవా వంటి తనిఖీలను కాపీ చేసిన తరువాత కాపీ మీదే చేయండి. ముందు తనిఖీ చేసి తరువాత కాపీ చేస్తే, ఆ రెండింటి మధ్య మరొక త్రెడ్ (అదే సమయంలో పక్కన నడిచే కోడు) అసలు లిస్టును మార్చే సందు మిగులుతుంది.

పాకాల_జంక్షన్
పైథాన్‌లో పనిచేసేవారు నవ్వుకోకండి, మన దగ్గర ఇంకా తమాషా. టపుల్ మారదని చిన్నప్పటి నుంచి చదువుకున్నాము. టపుల్ లోపల ఒక లిస్టు పెట్టి, టపుల్ మొదటి స్థానం మీద ప్లస్ ఈక్వల్ వాడి ఇంకొక అంశాన్ని చేర్చి చూడండి. టైప్ ఎర్రర్ వస్తుంది, తరువాత ముద్రించి చూస్తే అంశం చేరిపోయి కూడా ఉంటుంది. తిట్టడమూ అయింది, పని చేసిపెట్టడమూ అయింది, అచ్చం మా అమ్మమ్మలాగా. 3.7లో వచ్చిన డేటాక్లాసులకు ఫ్రోజెన్ అని పెట్టినా లోపలి లిస్టు గడ్డకట్టదు. ఆ ఆబ్జెక్టును డిక్షనరీలో కీగా పెట్టబోతే లిస్టును హ్యాష్ చేయలేనని ఎర్రర్ వస్తుంది. అక్కడ లిస్టు బదులు టపుల్, సెట్ బదులు ఫ్రోజెన్‌సెట్ పెట్టుకోవడమే దారి.

అలిపిరి_మెట్లు
ఎర్రర్ రావడమే మేలు. జావాలో అదీ రాదు. కాలేజీ ప్రాజెక్టు రోజుల్లో బస్సు రూటు అన్న క్లాసులో స్టాపుల లిస్టు పెట్టి, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రెండూ ఆ లిస్టు మీద రాసి, ఆ రూటును హ్యాష్‌మ్యాప్‌లో కీగా వాడాను. తరువాత ఒక రూటులో రేణిగుంట స్టాపు చేర్చాను. అంతే, మ్యాపులో ఆ రూటు ఉంది, లూపు వేస్తే కనిపిస్తోంది, గెట్ చేస్తే నల్. స్టాపు చేరడంతో, ఏ గదిలో దాచాలో నిర్ణయించే హ్యాష్ సంఖ్య మారింది, వస్తువు పాత గదిలో ఉంది, వెతుకులాట కొత్త గదిలో జరుగుతోంది. రెండు రాత్రులు పోయాయి.

రేణిగుంట_ప్యాసింజర్
నా స్టాపు చేర్చినందుకు ధన్యవాదాలు, మీ రాత్రులకు నా బాధ్యత లేదు.

గాలిగోపురం
నాకు ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి, ఈసారి వాదించడానికి కాదు. డేటాబేసు కోసం హైబర్నేట్ లైబ్రరీ వాడేవారి సంగతి ఏమిటి? అది ఎంటిటీలోని, అంటే డేటాబేసు పట్టికకు జతైన క్లాసులోని, లిస్టు స్థానంలో తన సొంత లిస్టును పెట్టుకుంటుంది, ఫైనల్ అంటే దానికి గిట్టదు. ఇక నా సెన్సార్ల దగ్గర, ఐదు లక్షల రీడింగులున్న మారని లిస్టుకు ఒక్క రీడింగు చేర్చాలంటే ఐదు లక్షల ఒకటి కాపీ చేయాలా?

చంద్రగిరి_కోట
మొదటిదానికి నా పద్ధతి చెబుతాను. ఎంటిటీని ఎంటిటీగానే వదిలేయండి, దానితో కుస్తీ పట్టకండి. డేటాబేసు పొరలో అది మారుతూనే ఉంటుంది. అక్కడి నుంచి మిగతా ప్రోగ్రాములోకి వచ్చేటప్పుడు మాత్రం రికార్డుగా మార్చి పంపండి. రెండు క్లాసులు రాయవలసి వస్తుందని ఏడుపు ఉంటుంది, నాకూ ఉంది.

స్వర్ణముఖి_తీరం
రెండవదానికి, కాపీ చేయకుండా పంచుకునే కలెక్షన్లు ఉన్నాయి. 2007లో వచ్చిన క్లోజర్ భాషలో వెక్టర్ ఒక చెట్టులా ఉంటుంది, ప్రతి కొమ్మకూ 32 పిల్ల కొమ్మలు. ఒక అంశం చేర్చితే వేరు నుంచి ఆ ఆకు వరకు ఉన్న నాలుగైదు కొమ్మలు మాత్రమే కొత్తగా పుడతాయి, మిగతా చెట్టంతా పాతదానితో కలిసి వాడుకుంటుంది. పాత వెక్టరు చెక్కు చెదరదు. స్కాలా వెక్టరు కూడా ఇదే కుటుంబం. జావాకు ఇవి లైబ్రరీల రూపంలో ఉన్నాయి కానీ జేడీకేలో లేవు. నిమిషానికి వేల రీడింగులు చేరేచోట నేను మీ స్థానంలో ఉంటే వీటికి కూడా పోను, మారే బఫరును ఒకే త్రెడ్ చేతిలో ఉంచి, నిండిన ముక్కలను మాత్రం మారని లిస్టులుగా బయటికి పంపుతాను.

పుత్తూరు_కట్టు
ఇమ్యూటబుల్ అన్న మాటకు తెలుగు ఏమిటని మా అబ్బాయి అడిగాడు. నిర్వికారం అని చెప్పాను. "అంటే లిస్టు ఉన్న క్లాసు సవికారమా?" అన్నాడు. చదువుకోమని పంపించేశాను.

కలంకారీ_కలం
అసలు లిస్టును బయటికి ఇవ్వడం అవసరమా అన్నది కూడా ఆలోచించండి. రిపోర్టు తెరకు కావలసినది లోడ్ల లిస్టు కాదు, పరీక్ష పూర్తయిన లోడ్లు. ఆ పేరుతోనే చీటీలో ఒక మెథడ్ ఉంటే, అది లోపలే స్ట్రీమ్ వేసి (లోడ్లను ఒక్కొక్కటిగా నడిపించి), వడగట్టి, చివర టూలిస్ట్ పిలిచి కొత్త లిస్టును ఇస్తుంది. జావా 16 నుంచి స్ట్రీమ్ మీద నేరుగా ఉన్న టూలిస్ట్ మారని లిస్టునే ఇస్తుంది. అప్పుడు మీ సహోద్యోగి చేతికి కత్తి ఇవ్వవలసిన పనే ఉండదు, కోసిన ముక్కలే వెళతాయి.

గాలిగోపురం
ప్రతి తెరకూ ఒక మెథడ్ అంటే రెండేళ్లలో చీటీ క్లాసు తిరుచానూరు రోడ్డులా కిక్కిరిసిపోతుంది. మారని లిస్టును ఇచ్చి, వడగట్టుకునే పని వారికి వదిలేయడమే మంచిది.

కలంకారీ_కలం
నాలుగు మెథడ్ల వరకు నా పద్ధతి, ఐదవది అడిగినప్పుడు మీ పద్ధతి.

తోతాపురి_కోడర్
శని, ఆదివారాలు కూర్చుని మార్చాను. లోడు రెండు రికార్డులయింది. చీటీ కూడా రికార్డే, కాంపాక్ట్ కన్‌స్ట్రక్టర్‌లో మొదటి పంక్తి కాపీఆఫ్, రెండవ పంక్తి నుంచి తనిఖీలు. లూపు బయట ఉన్న ఆ అర్రేలిస్ట్‌ను తెరిచిన చీటీ లోపలికి పంపించాను. పరీక్ష పూర్తయిన లోడ్లకు ఒక మెథడ్ పెట్టాను, గాలిగోపురం గారు క్షమించాలి.

కంపైల్ అయింది. నడిపితే రిపోర్టు తెర దగ్గర అనుకున్నట్టే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వచ్చింది, దానిని సరిచేశాను. తరువాత అనుకోని చోట ఇంకొకటి వచ్చింది. చీటీ ముద్రించే కోడు, కాగితం మీద ఎనిమిది వరసలు నిండాలని, తక్కువైన వరసలకు సున్నా బరువుతో ఉత్తుత్తి లోడ్లను తయారు చేసి నేరుగా చీటీ లిస్టులోనే చేరుస్తోంది. ఎవరైనా ముద్రించిన తరువాత అదే చీటీని మళ్లీ సేవ్ చేస్తే ఆ సున్నా లోడ్లు కూడా డేటాబేసులోకి వెళ్లేవి. రెండు సీజన్లుగా ఈ సున్నా కిలోల లోడ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎవరికీ అర్థం కాలేదు. ఖాళీ కాటాను ఊరికే నొక్కుతున్నాడని కాటా దగ్గర కూర్చునే అన్నను ఫ్యాక్టరీవారు రెండుసార్లు పిలిచి మందలించారు, ఆ అనుమానానికి నేను కూడా తల ఊపాను.

పుత్తూరు_కట్టు
మూడోచోట కూడా విరిగింది. ఆ అన్నకు చెప్పారా?

తోతాపురి_కోడర్
రేపు చిత్తూరు వెళుతున్నాను, కొత్త వెర్షన్ పెట్టాలి. ముందు కాటా దగ్గరికే వెళతాను.